జేబు రాజ్యాంగం: కేంద్రం గీత ఎక్కడ ఆగుతుందో చూసుకోవాలంటే ఏ ప్రతి కొనాలి?

హైదరాబాద్‌లో కోఠి, సుల్తాన్‌బజార్ వైపు లా బుక్ షాపుల్లో, ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద, అశోక్‌నగర్ కోచింగ్ సందుల్లోని జిరాక్స్ కొట్లలో రాజ్యాంగం నాలుగు రకాలుగా దొరుకుతుంది. కోటు జేబులో పట్టే గట్టి అట్ట ప్రతి ఒకటి, మామూలు సైజు పేపర్‌బ్యాక్ ఒకటి, వ్యాఖ్యానం కలిపిన లావు పుస్తకం ఒకటి, ప్రభుత్వ పీడీఎఫ్‌ను ప్రింట్ తీసి స్పైరల్ వేసినది ఇంకొకటి. వీటిని ఇక్కడ ఒకే ఒక్క పనికి పెట్టి చూస్తున్నాం. కేంద్రానికీ రాష్ట్రానికీ అధికారం గొడవ వచ్చినప్పుడు పుస్తకం తెరిచి, ఇది ఎవరిది, ఎంతవరకు, ఎవరి మాట చెల్లుతుంది అని తేల్చుకోవడం ఆ పని. పీఠిక చదువుకోవడానికో, ప్రాథమిక హక్కుల కోసమో అయితే ఏ ప్రతి అయినా సరిపోతుంది. ఈ పనికి మాత్రం సరిపోదు. పాత ప్రతి తెరిస్తే పాత జవాబే వస్తుంది, అదే సరైన జవాబనుకుని ముందుకెళ్లిపోతాం.

ముందే చెప్పేస్తే, 106వ సవరణ దాకా ఉన్న, ఫుట్‌నోట్లు తీసేయని, మామూలు సైజు ఇంగ్లీషు బేర్ యాక్ట్ (వ్యాఖ్యానం లేని మూల పాఠం) కొనండి. అర్థం చేసుకోవడానికి పక్కన తెలుగు ప్రతి పెట్టుకోండి. జేబు సైజు కోర్టుకు, కాలేజీకి మోసుకెళ్లడానికి బాగుంటుంది గానీ, అధికారాలను కేంద్ర, రాష్ట్ర, ఉమ్మడి జాబితాలుగా పంచే ఏడో షెడ్యూల్ మీద పని చేసేవాళ్లకు కళ్లనొప్పి. అధికారాల పంపకాన్ని మూడు గడుల పట్టికగా మార్చి అమ్మే గైడ్లను ఈ పనికి అసలు వాడొద్దు. ఎందుకో కింద చెబుతాం.

కొనేముందు షాపులోనే నిలబడి ఐదు నిమిషాల్లో చేయగల పరీక్షలున్నాయి. అట్ట మీద 'లేటెస్ట్ ఎడిషన్' అని ఉంటే నమ్మనక్కర్లేదు. నేరుగా మొదటి షెడ్యూల్ తెరిచి తెలంగాణ వరుస సంఖ్య చూడండి. 2014లో మన రాష్ట్రం 29వ నంబరుగా చేరింది. 2019 అక్టోబర్ 31న జమ్మూకశ్మీర్ రాష్ట్రాల జాబితా నుంచి వెళ్లిపోయాక కింద ఉన్నవన్నీ ఒక్కో మెట్టు పైకి జరిగాయి. కాబట్టి తెలంగాణ 28 అని ఉండాలి. 29 అని ఉంటే ఆ ప్రతి 2019 ముందుది, పక్కన పెట్టేయండి. తర్వాత ఆర్టికల్ 342ఏ తీయండి. అందులో మూడో క్లాజు ఉందా? రాష్ట్రం తన సొంత అవసరాలకు వెనుకబడిన తరగతుల జాబితా తానే తయారు చేసుకోవచ్చని చెప్పే క్లాజు అది. 2018లో 102వ సవరణతో 342ఏ వచ్చింది. 2021 మేలో మరాఠా రిజర్వేషన్ తీర్పులో సుప్రీంకోర్టు, ఈ సవరణ తర్వాత జాబితా గుర్తించే అధికారం రాష్ట్రాలకు లేదంది. అదే ఏడాది 105వ సవరణ తెచ్చి ఆ అధికారాన్ని రాష్ట్రాలకు తిరిగిచ్చారు. మూడేళ్ల తేడాలో అధికారం పోయి, మళ్లీ వచ్చింది. మూడో క్లాజు లేని ప్రతి పట్టుకుని తెలంగాణ బీసీ జాబితా గురించి రాస్తే జవాబు తలకిందులవుతుంది.

మూడో పరీక్ష, స్థానిక ఉద్యోగాల సంగతి చెప్పే 371డి శీర్షిక. అందులో 'ఆంధ్రప్రదేశ్ లేదా తెలంగాణ రాష్ట్రం' అని రెండు పేర్లూ ఉండాలి. ఆంధ్రప్రదేశ్ ఒక్కటే కనిపిస్తే అది 2014 ముందరి ముద్రణ. అబిడ్స్ సెకండ్‌హ్యాండ్ కుప్పల్లో ఇలాంటివి తేలిగ్గా తగులుతాయి, చవగ్గా వచ్చిందని తీసుకోకండి. నాలుగోది 246ఏ, 279ఏ ఉన్నాయా అని. రెండూ 2016 నాటి 101వ సవరణవి, అంటే జీఎస్టీవి.

చివరి పరీక్షకు కాస్త ఓపిక కావాలి గానీ ఇదే అన్నిటికంటే గట్టిది. ఏడో షెడ్యూల్‌లో అమల్లో ఉన్న ఎంట్రీలను లెక్కపెట్టండి. కేంద్ర జాబితా చివరి నంబరు 97, రాష్ట్ర జాబితాది 66, ఉమ్మడి జాబితాది 47. 1950 నుంచి ఆ చివరి నంబర్లు మారలేదు, అందుకే గైడ్లు ఇంకా '97, 66, 47' అని అచ్చేస్తున్నాయి. కేంద్ర జాబితాలో 33, 92 తీసేశారు. 2ఏ, 92ఏ, 92బి చేర్చారు. మొత్తం 98 కావాలి. రాష్ట్ర జాబితాలో 36ను 1956లో, 11, 19, 20, 29లను 42వ సవరణతో, 52, 55లను 101వ సవరణతో తొలగించారు. మిగిలేవి 59. ఉమ్మడి జాబితాలో ఒక్కటీ పోలేదు, 42వ సవరణ 11ఏ, 17ఏ, 17బి, 20ఏ, 33ఏ చేర్చింది కాబట్టి 52. మీ ప్రతిలో 98, 59, 52 తేలితే ఆ షెడ్యూల్ తాజాదే. ఈ లెక్కలోనే ఒక చరిత్ర కూడా కనిపిస్తుంది. రాష్ట్రాల ఖాతాలో ఏడు తగ్గాయి, ఒక్కటీ పెరగలేదు.

ఫుట్‌నోట్ల మాట ఎందుకు ఎత్తామంటే, కొన్ని చవక ప్రతులు పేజీలు తగ్గించడానికి వాటిని తీసేస్తాయి. తీసేస్తే చదువరికి మిగిలేది నంబరు ఎదుట ఖాళీ. విద్య అంతకుముందు రాష్ట్ర జాబితాలో 11వ ఎంట్రీ. 1976లో చేసిన 42వ సవరణ 1977 జనవరి 3 నుంచి అమలై, దాన్ని ఉమ్మడి జాబితాలోని 25లోకి తెచ్చింది. అడవులు 17ఏ అయ్యాయి, తూనికలు కొలతలు 33ఏ అయ్యాయి. ఏ ఎంట్రీ ఏ సవరణతో, ఏ తేదీ నుంచి మారిందో ఫుట్‌నోట్ ఒక్కటే చెబుతుంది. పాత కేసుల తీర్పులు చదివేవాళ్లకు అది లేకపోతే పని నడవదు. 1970 నాటి తీర్పు విద్యను రాష్ట్రం సొంత విషయమని అంటే తప్పు తీర్పులోది కాదు, అప్పటి షెడ్యూల్ అది.

ఇక వాడకం. ఎక్కువమంది నేరుగా ఏడో షెడ్యూల్ తెరిచి, విషయం ఏ జాబితాలో ఉందో చూసి పుస్తకం మూసేస్తారు. తప్పు అక్కడే మొదలవుతుంది. తాళం 245 నుంచి 254 వరకు ఉన్న ఆర్టికల్స్‌లో ఉంది. అందులోనూ 246 ముఖ్యం. ఒకటో క్లాజు 'రెండు, మూడు క్లాజుల్లో ఏమి ఉన్నప్పటికీ' అని మొదలవుతుంది, పార్లమెంటుకు కేంద్ర జాబితా మీద ప్రత్యేక అధికారం ఇస్తుంది. మూడో క్లాజు రాష్ట్ర శాసనసభకు రాష్ట్ర జాబితా మీద అదే 'ప్రత్యేక' అధికారం ఇస్తుంది, కానీ 'ఒకటి, రెండు క్లాజులకు లోబడి'. రెండు చోట్లా మాట ఒకటే, బరువు ఒకటి కాదు. పట్టిక గీసిన గైడులో ఈ 'లోబడి' రాలిపోతుంది. అది రాలిపోయాక మూడు గడులూ సమానంగా కనిపిస్తాయి.

మేం సిఫార్సు చేసే వరుస ఇది. ముందు వివాదంలో ఉన్న చట్టం అసలు దేని గురించో ఒక్క వాక్యంలో రాసుకోండి, పేరు చూసి కాదు, దాని సారం చూసి. తర్వాత మూడు జాబితాలూ వెతికి, తగిలిన ప్రతి ఎంట్రీనీ పూర్తి పాఠంతో రాసుకోండి. రాష్ట్ర జాబితా ఎంట్రీలో 'ఫలానా ఎంట్రీకి లోబడి' అని ఉంటే ఆ ఫలానా దగ్గరికి వెళ్లి, పార్లమెంటు అక్కడ అడుగుపెట్టిందో లేదో చూడండి. గనులు రాష్ట్ర జాబితా 23లో ఉన్నాయి, కానీ కేంద్ర జాబితా 54కు లోబడి. 1957 నాటి గనుల చట్టం రెండో సెక్షన్‌లో పార్లమెంటు నియంత్రణ తన చేతిలోకి తీసుకుంటున్నట్టు ప్రకటించింది. ఆ ప్రకటన ఎంతవరకు పారిందో అంతమేరా రాష్ట్రం వెనక్కి జరగాలి. ఉమ్మడి జాబితాలో తగిలితే 254కు వెళ్లాలి. రెండు చట్టాలూ కలిసి నడవలేకపోతే పార్లమెంటు చట్టానిదే పైచేయి. అయితే రాష్ట్ర బిల్లును రాష్ట్రపతి పరిశీలనకు పంపి ఆమోదం తెచ్చుకుంటే, ఆ రాష్ట్రం వరకు రాష్ట్ర చట్టమే నిలుస్తుంది. భూసేకరణ చట్టానికి తెలంగాణ చేసుకున్న సవరణ నిలిచింది ఈ దారిలోనే. ఆ తర్వాత కూడా పార్లమెంటు మళ్లీ చట్టం చేసి దాన్ని మార్చగలదని 254(2) చివరి షరతు చెబుతుంది. గైడ్లలో అది ఎక్కువసార్లు కనపడదు. ఏ జాబితాలోనూ తగలకపోతే 248, కేంద్ర జాబితా 97. మిగిలినదంతా కేంద్రానిది.

ఆ చివరి మెట్టు దగ్గర ఒక మాట. అమెరికాలో పిల్లలున్న ఇళ్లు ఈ ఊళ్లో చాలా ఉన్నాయి. అక్కడి వార్తల్లో వినే 'రాష్ట్రాల హక్కులు' అనే మాటను ఇక్కడికి తెచ్చి అతికించడం రోజూ కనిపిస్తుంది. 1791 నాటి అమెరికా పదో సవరణ ఒక్క వాక్యం. కేంద్రానికి అప్పగించనివి, రాష్ట్రాలకు నిషేధించనివి రాష్ట్రాలవి లేదా ప్రజలవి అంటుంది. మన 248 సరిగ్గా ఎదురుదిక్కు. ఇంకో పెద్ద తేడా అధికారుల విషయంలో ఉంది. చేతి తుపాకులు కొనేవాళ్ల పూర్వాపరాలు స్థానిక పోలీసు అధికారులే ఆరా తీయాలన్న ఫెడరల్ చట్టాన్ని 1997లో ప్రింట్జ్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు కొట్టేసింది, రాష్ట్రాల అధికారులకు కేంద్రం పని పురమాయించకూడదని. ఇక్కడ 256, 257 ప్రకారం కేంద్రం రాష్ట్రాలకు ఆదేశాలే ఇవ్వవచ్చు, పాటించకపోతే ఏమవుతుందో 365లో ఉంది. అక్కడి వాదన అక్కడి పాఠానికి సరిపోతుంది, మన వాదన మన పాఠంలో దొరకాలి. దొరుకుతుంది కూడా, వెతకాల్సిన చోట వెతికితే.

హైదరాబాద్‌లో రోజూ చేతికి తగిలే వాటితో పుస్తకాన్ని పరీక్షిస్తే దాని పనితనం బాగా బయటపడుతుంది. ప్రోనోటు తీసుకోండి. దాని మీద అంటించే రెవెన్యూ స్టాంపు రేటు ఎవరు నిర్ణయించాలి? కేంద్ర జాబితా 91. అందులో చెక్కులు, ప్రామిసరీ నోట్లు, బీమా పాలసీలు, షేర్ల బదిలీ, రసీదులు పేరుపేరునా ఉన్నాయి. అదే మనిషి మరుసటి రోజు ప్లాటు కొని సేల్ డీడు రాయించుకుంటే స్టాంపు డ్యూటీ రేటు రాష్ట్ర జాబితా 63 కింద రాష్ట్రానిది. 91లో చెప్పనివన్నీ అక్కడికే వస్తాయి. రేటు తప్ప స్టాంపు చట్టంలోని మిగతా వ్యవహారం ఉమ్మడి జాబితా 44. స్టాంపు అనే ఒక్క మాట మూడు జాబితాల్లో పంచి ఉంది. 'స్టాంపు డ్యూటీ ఏ జాబితా?' అనే ఒక మార్కు ప్రశ్నకు ఒక్క జవాబు లేనిది అందుకే.

బండి నంబరు ప్లేటు ఇంకా మంచి ఉదాహరణ. టీఎస్ పోయి టీజీ రావాలని నిర్ణయం రాష్ట్రానిదే అయినా, 2024 మార్చిలో కేంద్ర రవాణా శాఖ గెజిట్ నోటిఫికేషన్ ఇస్తేగానీ అది అక్షరాలుగా ప్లేటు మీదికి రాలేదు. మోటారు వాహనాలు ఉమ్మడి జాబితా 35, 1988 మోటారు వాహనాల చట్టం పార్లమెంటుది, రాష్ట్ర కోడ్ అక్షరాలు కేంద్ర నోటిఫికేషన్‌తోనే ఖరారవుతాయి. అదే బండికి కట్టే లైఫ్ ట్యాక్స్ మాత్రం రాష్ట్ర జాబితా 57. దాన్ని వసూలు చేసేది, వాడుకునేది రాష్ట్రం. నియంత్రణ ఒకరిది, పన్ను ఇంకొకరిది. ఏడో షెడ్యూల్ అంతటా పన్నుల ఎంట్రీలు ఇలాగే వేరుగా ఉంటాయి. కేంద్రానివి 82 నుంచి, రాష్ట్రానివి 45 నుంచి. 1958లోనే సుందరరామయ్యర్ కేసులో, అందులో ప్రతివాది ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమే, సుప్రీంకోర్టు ఈ విడదీతను స్పష్టం చేసింది. నియంత్రించే ఎంట్రీలోంచి పన్ను వేసే అధికారాన్ని లాగలేరు. 2024 జులై 25న తొమ్మిది మంది జడ్జీల బెంచి 8–1తో, గనుల మీద రాయల్టీ పన్ను కాదనీ, ఖనిజ హక్కుల మీద పన్ను రాష్ట్ర జాబితా 50 కింద రాష్ట్రాలదేననీ చెప్పింది. సింగరేణి ఉన్న రాష్ట్రంలో ఈ తీర్పు పక్కన పెట్టుకోకుండా 50వ ఎంట్రీ చదివితే సగమే చదివినట్టు.

పెట్రోలు బంకు రసీదు కూడా ఇందులోకే వస్తుంది. 101వ సవరణ రాష్ట్ర జాబితా 54ను కుదించి ముడిచమురు, డీజిల్, పెట్రోలు, సహజవాయువు, విమాన ఇంధనం, తాగే మద్యం అని ఆరింటికి పరిమితం చేసింది. రాష్ట్రానికి అమ్మకం పన్నుగా మిగిలింది అదే. పాత ప్రతిలో ఈ ఎంట్రీ 'సరుకుల అమ్మకం, కొనుగోలు మీద పన్నులు' అని నిండుగా ఉంటుంది, అది చదివి మోసపోవద్దు. కేంద్రం తన ఎక్సైజును సెస్సు రూపంలో వసూలు చేస్తే 270 ప్రకారం అది రాష్ట్రాలతో పంచుకునే మొత్తంలోకి రాదు. 2000లో 80వ సవరణ ఆ మాట చేర్చింది. పన్నుల్లో రాష్ట్రాల వాటా 41 శాతమని వినేటప్పుడు, ఏ మొత్తంలో 41 శాతం అన్నది ఈ ఒక్క ఆర్టికల్‌లో తేలుతుంది. తెలంగాణ వాటా 14వ ఆర్థిక సంఘం కింద 2.437 శాతం, 15వ సంఘం కింద 2.102. ఈ అంకెలు పుస్తకంలో ఉండవు, సంఘాల నివేదికల్లో చూడాలి. కానీ వాటిని ఎలా చదవాలో 270, 280 నేర్పిస్తాయి.

జీఎస్టీ మీద 279ఏ పాఠం కూర్చుని లెక్క కట్టదగింది. జీఎస్టీ కౌన్సిల్‌లో కేంద్రం ఓటు బరువు మూడో వంతు, రాష్ట్రాలన్నిటిదీ కలిపి మూడింట రెండొంతులు, ఏ నిర్ణయానికైనా ఓటు వేసినవారి బరువులో నాలుగింట మూడొంతులు కావాలి. రాష్ట్రాలన్నీ ఒక్కటైనా 66.7 దగ్గరే ఆగుతాయి, కేంద్రం లేకుండా ఏదీ నెగ్గదు. కేంద్రానికి కూడా తన 33.3 కాక ఇంకా 41.7 రాష్ట్రాల నుంచి రావాలి. అందరూ ఓటేస్తే రాష్ట్రాల్లో ఐదింట మూడొంతులకు పైగా తోడు కావాలన్నమాట. ఈ లెక్క బేర్ యాక్ట్ ఇస్తుంది. కౌన్సిల్ సిఫార్సులు పార్లమెంటునూ శాసనసభలనూ కట్టిపడేయవని 2022 మే 19న మోహిత్ మినరల్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సంగతి మాత్రం ఇవ్వదు.

హైదరాబాద్ చుట్టూ భూములు కొనేవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు యూఎల్‌సీ (పట్టణ భూపరిమితి) ఫైలు చూస్తారు. భూమి రాష్ట్ర జాబితా 18లో ఉన్నప్పుడు 1976 పట్టణ భూపరిమితి చట్టం పార్లమెంటు ఎలా చేసింది? 252. రెండు అంతకంటే ఎక్కువ రాష్ట్రాల శాసనసభలు తీర్మానం చేసి అడిగితే పార్లమెంటు రాష్ట్ర విషయం మీద చట్టం చేయవచ్చు. ఆంధ్రప్రదేశ్ అలా అడిగిన వాటిలో ఒకటి. రెండో క్లాజు ఇంకా ముఖ్యం. అలా ఇచ్చేశాక ఆ చట్టాన్ని శాసనసభ ముట్టుకోలేదు, మార్చాలన్నా తీసేయాలన్నా పార్లమెంటే. పార్లమెంటు 1999లో రద్దు చేసినా ఇక్కడ వెంటనే రద్దు కాలేదు, శాసనసభ మళ్లీ దాన్ని స్వీకరించాలి. ఆంధ్రప్రదేశ్ 2008లో స్వీకరించింది. మధ్యలో గడిచిన తొమ్మిదేళ్ల ఫైళ్లు ఎందుకు బతికి ఉన్నాయో ఈ ఒక్క క్లాజు చెప్పేస్తుంది. వ్యాఖ్యానం లేని పుస్తకం ఇంత పని చేస్తుందంటే దానికి పెట్టిన డబ్బు దండగ కాదు.

గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీ కేంద్ర జాబితా 63లో ఉంది. పేరుతో కాదు, '371ఇ ప్రకారం స్థాపించిన విశ్వవిద్యాలయం' అని. బనారస్, అలీగఢ్, ఢిల్లీల పక్కన. తెలంగాణ, ఆంధ్ర ఉద్యమాల తర్వాత కుదిరిన 1973 ఆరు సూత్రాల పథకం నుంచి 32వ సవరణ, దాని నుంచి 371డి, 371ఇ వచ్చాయి. ఉద్యోగాల పరీక్షలకు చదివేవాళ్లు 371డిని కంఠతా పడతారు గానీ, అందులోని అసలు మెలికను వదిలేస్తారు. జోన్లు, స్థానికత నిర్ణయించేది శాసనసభ చట్టం కాదు, రాష్ట్రపతి ఉత్తర్వు. ఏడు జోన్లు, రెండు మల్టీ జోన్లు తెచ్చిన 2018 ఉత్తర్వు కూడా ఢిల్లీ నుంచి వచ్చినదే. స్థానిక ఉద్యోగాల రక్షణ రాష్ట్రం హక్కులా వినిపిస్తుంది, దాని తాళంచెవి కేంద్రం దగ్గర ఉంది.

ఈ పుస్తకం చేయలేని పనులు కూడా గట్టిగానే ఉన్నాయి. తెలంగాణ పుట్టుక మూడో ఆర్టికల్ కింద. అందులో బిల్లును రాష్ట్ర శాసనసభ 'అభిప్రాయం' కోసం పంపాలని ఉంది, 'సమ్మతి' అని లేదు. 2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ మూజువాణి ఓటుతో బిల్లును తిరస్కరించినా ఫిబ్రవరిలో పార్లమెంటు ఆమోదించగలిగింది అందుకే. ఇంతవరకు బేర్ యాక్ట్ చెబుతుంది. ఆ పైన, హైదరాబాద్ పదేళ్ల ఉమ్మడి రాజధాని, కృష్ణా గోదావరి బోర్డులు, తొమ్మిది పది షెడ్యూళ్లలోని (రాజ్యాంగానివి కావు, ఆ చట్టానివే) సంస్థల పంపకం, ఇవన్నీ 2014 పునర్వ్యవస్థీకరణ చట్టంలో ఉన్నాయి. అది రాజ్యాంగంలో భాగం కాదు. విడిగా కొనాలి, లేదా ఇండియా కోడ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా తీసుకోవాలి. ఇక్కడి కేంద్ర రాష్ట్ర ప్రశ్నల్లో చాలావాటికి ఈ రెండూ పక్కపక్కన ఉండాల్సిందే.

సీబీఐ సంగతీ అంతే. పోలీసు రాష్ట్ర జాబితా 2, ఒక రాష్ట్ర పోలీసు మరో రాష్ట్రంలోకి వెళ్లాలంటే అక్కడి ప్రభుత్వ సమ్మతి కావాలని కేంద్ర జాబితా 80 చెబుతుంది. కానీ పనిచేసే గొళ్లెం 1946 ఢిల్లీ స్పెషల్ పోలీస్ చట్టం ఆరో సెక్షన్. 2022 ఆగస్టు 30న తెలంగాణ సాధారణ సమ్మతిని వెనక్కి తీసుకున్నది దాని కిందే. రాష్ట్ర ప్రభుత్వం చేతిలో ఉన్న నిజమైన హద్దురాళ్లలో ఇదొకటి, పుస్తకంలో దాని జాడ కూడా లేదు.

పాఠం చదివి బోల్తా పడే చోటు 200వ ఆర్టికల్. గవర్నర్ బిల్లును తిప్పి పంపాలనుకుంటే 'వీలైనంత త్వరగా' పంపాలని ఉంటుంది. తెలంగాణ వేసిన కేసులోనే 2023 ఏప్రిల్ 24న సుప్రీంకోర్టు ఆ మాటకు బరువుందని గుర్తు చేసింది. 2025 ఏప్రిల్‌లో తమిళనాడు కేసులో ఇద్దరు జడ్జీలు గడువులు పెట్టారు. 2025 నవంబర్ 20న రాష్ట్రపతి అడిగిన ప్రశ్నలకు ఐదుగురు జడ్జీల బెంచి బదులిస్తూ కోర్టులు అలా గడువులు విధించలేవంది. ఈ రెండున్నరేళ్లలో 200వ ఆర్టికల్‌లో ఒక్క అక్షరం మారలేదు. రాష్ట్రపతి పాలన గురించిన 356 కూడా అలాగే, దానికి హద్దులు పెట్టిన 1994 బొమ్మై తీర్పు తెలియకుండా చదివితే ఆ ఆర్టికల్ ఉన్నదానికంటే చాలా భయంకరంగా కనిపిస్తుంది. అందుకే మార్జిన్ వెడల్పుగా ఉన్న ప్రతి కొనమంటాం. తీర్పు పేరు, తేదీ పెన్సిల్‌తో రాసుకోవడానికి చోటుండాలి. తీర్పుల పూర్తి పాఠం సుప్రీంకోర్టు ఈ-ఎస్సీఆర్‌లో డబ్బు కట్టకుండా దొరుకుతుంది.

తెలుగు ప్రతి గురించి. కేంద్ర శాసన విభాగం వెబ్‌సైట్‌లో ప్రాంతీయ భాషల ప్రతులతో పాటు తెలుగు పాఠమూ ఉంది. భాష గంభీరం, సంస్కృతం పాలు ఎక్కువ. 'లోబడి' అని వాక్యం మొదట్లో వచ్చిన షరతు, నాలుగు పంక్తుల తర్వాత క్రియ దగ్గరికి వచ్చేసరికి జ్ఞాపకంలోంచి జారిపోతుంది. అలాంటి చోట షరతు కింద గీత గీసుకుని మళ్లీ చదవడమే మార్గం. ప్రైవేటు తెలుగు పుస్తకాల్లో ఇంకో చిక్కుంది. ఆర్టికల్‌ను ఒకరు అధికరణ అంటారు, ఒకరు ప్రకరణ, ఇంకొకరు అనుచ్ఛేదం. రెండు పుస్తకాలు కలిపి చదివేటప్పుడు మాట పట్టుకోకుండా నంబరు పట్టుకోండి. ఏ తెలుగు ప్రతి అయినా తాజా సవరణ దాకా ఉందో లేదో పైన చెప్పిన 28, 342ఏ పరీక్షలతోనే తేల్చుకోవాలి.

ఉచిత ఇంగ్లీషు పీడీఎఫ్ 2024 మే 1 నాటికి సవరించినది ఉంది, ఫుట్‌నోట్లు పూర్తిగా ఉంటాయి, వెతుక్కునే సౌకర్యం దానికే ఉంది. మొత్తం ప్రింట్ తీయడం వృథా. ఒకటి నుంచి నాలుగు ఆర్టికల్స్, 200, 201, 245 నుంచి 263, 264 నుంచి 293, 352 నుంచి 360, 368, 371డి, మొదటి, ఏడో షెడ్యూళ్లు చాలు. 368ని వదలొద్దు. ఏడో షెడ్యూల్ జాబితాల్లో దేన్ని మార్చాలన్నా సగానికి తక్కువ కాకుండా రాష్ట్రాల శాసనసభలు ఒప్పుకోవాలని అందులోనే ఉంది, కేంద్రం మీద ఉన్న అతి గట్టి కట్టడి అది. జిరాక్స్ కొట్టులో ఒక పేజీకి ఒకటే వేయమనండి. ఖర్చు తగ్గుతుందని రెండు పేజీలు కలిపి వేయిస్తే ఫుట్‌నోట్లు చీమల బారులా తయారవుతాయి. స్పైరల్ ప్రతి బల్ల మీద చదునుగా తెరుచుకుంటుంది. జిగురు బైండింగ్ పేపర్‌బ్యాక్ అలా కాదు, చివర ఉన్న ఏడో షెడ్యూల్ దగ్గరే పదే పదే తెరుస్తాం కాబట్టి వెన్ను ముందు అక్కడే విరుగుతుంది. కొనేటప్పుడు ఆ పేజీల దగ్గర విప్పి చూడండి, కుట్టు కనిపిస్తే తీసుకోండి.